నిలబడతానన్నావు కదా, ఇవి విను

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు మన మేరీల్యాండ్ రాష్ట్ర అసెంబ్లీకి, అదే స్టేట్ హౌస్‌కి నిలబడతాననీ, ఎప్పటికైనా అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్ దాకా వెళ్ళాలని ఉందనీ చెప్పినప్పుడు నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దమ్మకి ఇష్టం లేదేమో అనుకుని ఉంటావు. ఇష్టం లేక కాదు. 2008లో ఒబామా కోసం మొదలుపెట్టి ఇప్పటిదాకా ప్రతి ఎన్నికకీ తలుపులు కొడుతూ, ఫోన్లు చేస్తూ తిరిగినదాన్ని కదా, ముందు ఏది చెప్పాలో తోచక ఊరుకున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ముఖం మీదే "ఆడదానివి, మా రంగు కాదు, నీకు వెయ్యం" అనేవాళ్ళు తక్కువమందే తగులుతారు. వాళ్ళతో వాదించకు, థాంక్యూ చెప్పి పక్కింటికి వెళ్ళిపో. నిన్ను ఆపేది వాళ్ళు కాదు, నువ్వంటే ఇష్టపడేవాళ్ళే. 2024 అక్టోబరులో పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్ళో, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కమలా హారిస్ కోసం తిరుగుతున్నాను. ఒక పెద్దావిడ తలుపు తీసి, చేతికంటిన పిండి ఏప్రాన్‌కి తుడుచుకుంటూ, "నేనైతే ఆమెకే వేస్తాను, కానీ ఈ వీధివాళ్ళు ఒక నల్లజాతి ఆడమనిషికి వెయ్యరమ్మా" అంది. రెండిళ్ళవతల ఆకులు ఊడుస్తున్న ఆయనా అదే మాట, "నాకేం అభ్యంతరం లేదు, ఇక్కడివాళ్ళే ఒప్పుకోరు" అన్నాడు. ఎదురింటి కుర్రాడూ అంతే. ముగ్గురి పేర్ల పక్కనా టిక్కు పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ముగ్గురూ మనవాళ్ళే, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇక్కడ దీనికి ఎలక్టబిలిటీ, అంటే గెలిచే మనిషా కాదా అని పేరు పెట్టి టీవీల్లో గంటలకొద్దీ మాట్లాడతారు. నువ్వు మాత్రం ‘నేను గెలవగలను’ అని నిరూపించడానికి కూర్చోకు, దానికి అంతు ఉండదు. "ఊరి సంగతి తర్వాత చూద్దాం, మీరు వేస్తారా?" అని సూటిగా అడుగు. వేస్తామంటే వెంటనే వాళ్ళ ముందే పచ్చికలో నీ బోర్డు పాతించు. ఒక బోర్డు చూస్తే పక్కింటావిడకి ధైర్యం వస్తుంది. ఆ రోజు నా కారులో బోర్డులు లేవు, ఆ సంగతి ఇప్పటికీ బాధపెడుతుంది నాకు.

షెర్లీ చిజమ్ గురించి నువ్వు చదివే ఉంటావు, అయినా మళ్ళీ చదువు. 1968లో బ్రూక్లిన్ నుంచి కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ, 1972లో డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసింది. టీవీ చర్చల్లో చోటివ్వకపోతే ఆమె అధికారుల దాకా, కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. తెల్లవాళ్ళ సంగతి సరే, నల్లజాతి మగ నాయకుల్లో చాలామంది కూడా పక్కన నిలబడలేదు, ఆడసంఘాల్లో పెద్దపేరున్నవాళ్ళు కొందరు గెలిచేవాడు కావాలని మరొకరివైపు వెళ్ళారు. నల్లజాతిదాన్నైనందుకు పడ్డదానికంటే ఆడదాన్నైనందుకు పడ్డదే ఎక్కువని ఆవిడే చెప్పింది. చేతిలో డబ్బు లేకుండా, పార్టీ పెద్దల అండ లేకుండా అభ్యర్థిని తేల్చే మయామీ బీచ్ పార్టీ సమావేశంలో 152 మంది ప్రతినిధుల ఓట్లు తెచ్చుకుంది. నువ్వు చూడాల్సింది ఆ 152.

ఇక డబ్బు. మన ఆడపిల్లలకి అన్నిటికంటే కష్టం ఇదే, పెంపకంలోనే చెయ్యి చాపకూడదని నేర్పాం కదా. నువ్వు సిగ్గుపడుతున్నావని నీ గొంతులోనే తెలిసింది. ఎమిలీస్ లిస్ట్ అని 1985లో మొదలైన సంస్థ ఉంది, డెమొక్రాట్ ఆడ అభ్యర్థులకి విరాళాలు సేకరిస్తుంది. ఎమిలీ మనిషి పేరు కాదు, ముందుగా వచ్చిన డబ్బు ఈస్టులా పిండిని పొంగిస్తుందన్న ఇంగ్లీషు వాక్యంలోని మొదటి అక్షరాలు. ముందురోజు రాత్రి రుబ్బి పెట్టకపోతే పొద్దున దోసెలు ఎక్కడివి? అలాగే ఇదీ, మొదటి మూడు నెలల్లో ఎంత వచ్చిందో చూశాకే పార్టీవాళ్ళు నీ ఫోన్ ఎత్తుతారు. కమల కూడా 2019 డిసెంబరులో ఒక్క ఓటూ పడకముందే డబ్బు చాలక అధ్యక్ష పోటీ నుంచి తప్పుకుంది.

పేరు విషయం. కన్సల్టెంట్లు నీ పేరు కుదించమంటారు. ఒప్పుకోకు. 2020లో జార్జియాలో ఒక ప్రచార సభలో డేవిడ్ పెర్డ్యూ అనే సెనేటర్, మూడేళ్ళకు పైగా తనతోపాటు సెనేట్‌లో పనిచేసిన కమల పేరుని కావాలని వంకర్లు తిప్పి నవ్వించాడు. అలాంటివాడు పేరు పొట్టిదైనా వంకర్లు తిప్పుతాడు. నేర్చుకుందామనుకునేవాళ్ళకి మాత్రం రెండు నిమిషాలు ఓపికగా నేర్పు, తప్పు పలికితే నవ్వుతూ సరిదిద్దు.

ఇంకోటి చెప్పాలి, ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. మనవాళ్ళ ఇళ్ళలో కూడా రంగు పట్టింపు ఉంది. ఒక భోజనాల దగ్గర కమలని ఉద్దేశించి "ఆమె మన మనిషి కాదండీ, నల్లది" అని ఒకాయన అన్నాడు. ఆమె తల్లి శ్యామలా గోపాలన్ చెన్నై అమ్మాయి, తండ్రి జమైకా ఆయన. పక్కనున్న నేను ఆ రోజు పప్పు వడ్డించుకుంటూ ఊరుకున్నాను. నువ్వు అలా ఊరుకోకు. నల్లజాతివాళ్ళ చర్చిలకీ, వీధివాళ్ళంతా కలిసి చేసుకునే బ్లాక్ పార్టీలకీ ఎన్నికలప్పుడు మాత్రమే వెళ్తే వాళ్ళకి అర్థమైపోతుంది. ఈ ఏడే వెళ్ళడం మొదలుపెట్టు, వాళ్ళ బడి సంగతి, బస్సు సంగతి విను.

ప్రతి ఓటమినీ రంగు మీద, ఆడతనం మీద వెయ్యకు కూడా. కమల 2024లో ఓడిందంటే ధరలూ ఉన్నాయి, చేతిలో ఉన్న 107 రోజులూ ఉన్నాయి. వివక్ష ఎంత, మిగతాది ఎంత అని లెక్క తేల్చడం ఎవరివల్లా కాదు, నీకైతే అంత టైమ్ కూడా ఉండదు.

ఓడిపోతే ఏమిటని అడిగావు. అరుణా మిల్లర్‌ని చూడు. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ళకి ఇక్కడికొచ్చింది, సివిల్ ఇంజనీరు. 2010లో మన స్టేట్ హౌస్‌కి గెలిచింది, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా పోసిన వ్యాపారి చేతిలో ఓడిపోయింది. 2023 జనవరిలో భగవద్గీత మీద చెయ్యి పెట్టి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి స్థానంలో, ప్రమాణం చేసింది. వర్జీనియాలో గజాలా హష్మీదీ హైదరాబాదే, ఏళ్ళపాటు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి 2019లో స్టేట్ సెనేట్‌కి, 2025లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి గెలిచింది. ఇద్దరూ నీలాగే రాష్ట్ర చట్టసభ మెట్టు దగ్గరే మొదలుపెట్టారు.

శనివారం పొద్దున పదింటికల్లా మా ఇంటికి రా. 20 మంది పేర్లూ ఫోన్ నంబర్లూ రాసి పెడతాను, నా పక్కన కూర్చుని అందరికీ నువ్వే ఫోన్ చేసి విరాళం నువ్వే అడగాలి, నేను ఒక్క మాటా అందించను. మొదటి పేరు మీ నాన్నది.

మీ పెద్దమ్మ