గాజు చెక్కుతానంటున్న మేనకోడలికి

చి. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్ల గాజు దుమ్ములో పనిచేస్తానంటోందేంటి అన్నయ్యా, నువ్వైనా చెప్పు అని ఒకటే బెంగ. నేను వద్దని చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఆటోనగర్ షెడ్డులో ఇదే పని చేసి, ఈ పనితోనే ఇల్లు నడిపి, ఇవాళ నా మేనకోడలు నేర్చుకుంటానంటే వద్దని ఏ నోటితో చెప్పను? చెయ్యి, కానీ నేను చెప్పేవి విని చెయ్యి.

నీ మెసేజ్‌లో అడిగినవన్నీ మెషీన్ల గురించే. కంప్రెసర్ ఎన్ని హెచ్‌పీ ఉండాలి, ప్లాటర్ ఏది కొనాలి, లేజర్ పెట్టుకుంటే సరిపోదా అని. మన పద్ధతిలో గాజు మీద స్టిక్కర్ అంటించి, చెక్కాల్సిన చోట ముక్క లేపి, అక్కడ గాలి గన్‌తో గ్రిట్, అంటే గరుకు పొడి, కొట్టి చెక్కుతాం. ఆ స్టిక్కర్‌ని ప్లాటర్ మెషీన్ నీకంటే నాకంటే శుభ్రంగా కోస్తుంది, అందులో సందేహం లేదు, కొనుక్కో. లేజర్ గాజు పైపొరని సన్నగా చిట్లగొట్టి తెల్లగా చేస్తుంది, అంతకు మించి దిగదు. ఇప్పుడు ఏ గ్లాసు షాపుకెళ్లినా డిజైన్ ప్రింట్ చేసిన ఫిల్మ్ అంటించి సాయంత్రానికి ఇచ్చేస్తున్నారు, ధర కూడా తక్కువ, వాళ్లతో మనం పోటీ పడలేం, పడక్కర్లేదు కూడా. ఫిల్మ్ ఇవ్వలేనిది ఒకటుంది, లోతు. అది చేత్తోనే వస్తుంది. నువ్వు నేర్చుకోవాల్సింది అదే, మిగతావన్నీ కొనుక్కుంటే వచ్చేవే.

లోతు అనగానే తవ్వడం అనుకోకు. మీ అమ్మమ్మ దగ్గర పంచదార చిలకల అచ్చులు ఉండేవి, గుర్తుందా, చెక్కవి, రెండు ముక్కలు కలిపి తాడుతో బిగించి పాకం పోసేవాళ్లం. ఆ అచ్చు లోపల చూస్తే చిలక ముక్కు బాగా లోతుగా ఉంటుంది, రెక్క అంత లోతుండదు, కానీ బయటికొచ్చిన చిలకకి ముక్కే ముందుకు పొడుచుకొస్తుంది. గాజు పని అచ్చం అంతే. మనం చెక్కేది గాజు వెనక వైపు, చూసేవాళ్లు చూసేది నున్నటి ముందు వైపు నుంచి. కాబట్టి నువ్వు వెనక నుంచి ఎంత లోతుకి వెళితే అది చూసేవాడికి అంత దగ్గరికొస్తుంది. దేవుడి ముఖం చెక్కుతున్నావనుకో, అన్నిటికంటే లోతుగా దిగాల్సింది ముక్కు కొస, ఆ తర్వాత పెదవులు, గడ్డం, బుగ్గలు. కంటి గుంటలు మాత్రం అన్నిటికంటే పైన ఉండిపోవాలి. కొత్తవాళ్లందరూ దీన్ని తిరగేసి, కళ్లు లోతుగా ఉంటాయి కదా అని కళ్ల దగ్గర తవ్వుతారు, ముందు నుంచి చూస్తే కళ్లు గుడ్లప్పగించినట్టు ఉబ్బి కనిపిస్తాయి. బొమ్మలు వేసే చెయ్యి కాబట్టి నీకిది మరీ కష్టం, ఎందుకంటే ఇన్నేళ్లూ నువ్వు వెలుగునీడలతో లోతు చూపించావు, ఇక్కడ వెలుగు తన పని తాను చేసుకుంటుంది, నువ్వు ఆకారం మాత్రమే ఇవ్వాలి.

మొదటి ఆరు నెలలు తామరపువ్వు తప్ప ఏదీ చెక్కకు. నిజంగానే చెప్తున్నాను. ఎనిమిది రేకుల పువ్వు కాగితం మీద వెయ్యి, ఏ రేకు ముందుంది, ఏది దాని వెనక దాక్కుంది అని చూసుకుని స్టిక్కర్ మీద స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసుకో. అన్నిటికంటే ముందున్న రేకు ఒకటి. ఆ ఒక్క ముక్కే బ్లేడు కొసతో లేపి తియ్యి. గన్ నిటారుగా పట్టకు, కొంచెం వాల్చి, రేకు అంచు వెంబడి నెమ్మదిగా నడిపించు, అంచు దగ్గర లోతు, అక్కడి నుంచి రేకు మొదలు వైపు వెళ్లేకొద్దీ తేలికవుతూ పోవాలి. మధ్యమధ్యలో ఆపి, దుమ్ము తుడిచి, గోరు ఆ అంచుకి ఆనించి చూడు. మెట్టులాగా గోరు ఆగితే సరిపోయింది. అప్పుడు రెండో ముక్క లేపు. రెండో రేకు చెక్కేటప్పుడు మొదటిది తెరిచే ఉంటుంది కదా, దాని మీద గ్రిట్ పడకుండా గన్ అటు నుంచి ఇటు తిప్పి పట్టుకోవాలి, రెండోది మొదటిదానికంటే ఒక పిసరు తక్కువ లోతులో ఆగాలి. అలా వెనక్కి వెనక్కి వెళ్తూ చివరి రేకు దగ్గరికొచ్చేసరికి పైపైన తెల్లబడితే చాలు. లోతు సరిగ్గా వచ్చిందో లేదో తెలియకపోతే పిల్లలు ఆడుకునే క్లే ముద్దని, కాస్త నూనె రాసి, చెక్కిన చోట నొక్కి తీసి చూడు. పువ్వు నీ చేతిలో ఉంటుంది, తప్పు ఎక్కడుందో అదే చూపిస్తుంది.

వెనక నుంచి చెక్కుతాం కాబట్టి బొమ్మ తిరగేసి అంటించాలన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. తెలిసినా రాస్తున్నాను, నేను తెలిసుండీ పొరపాటు చేశాను. పని మొదలుపెట్టిన మూడో ఏడు, ఒక పూజగది తలుపుకి వెంకటేశ్వరస్వామి బొమ్మ. పదకొండు రోజులు పట్టింది. కిరీటంలో ఒక్కొక్క రాయి విడిగా కనిపిస్తోందని ఆ ఇంట్లో అందరూ మెచ్చుకుంటుంటే, వాళ్ల మామ్మగారు దగ్గరికొచ్చి ఒక్క నిమిషం చూసి, "నాయనా, చక్రం స్వామి కుడిచేతిలో కదా ఉండాలి" అన్నారు. చక్రం ఎడమచేతిలోకి, శంఖం కుడిచేతిలోకి వెళ్లిపోయాయి. అక్షరాలుంటే తిరగేయాలని గుర్తొచ్చేది, బొమ్మే కదా అని తిరగేయకుండా అంటించేశాను. ఆ గాజు తీసుకొచ్చేసి మళ్లీ చేసిచ్చాను, డబ్బు పోయింది, అది కాదు బాధ, పూజగదిలో స్వామిని తప్పుగా నిలబెట్టానే అని చాలా రోజులు నిద్రపట్టలేదు. అప్పటి నుంచి ఏ స్టిక్కర్ అంటించినా గాజు రెండో వైపుకి వెళ్లి నిలబడి, చూసేవాళ్ల కళ్లతో ఒకసారి చూసుకుంటాను. నువ్వూ ఆ అలవాటు చేసుకో.

ఇక పనిముట్లు. గాలి గాజుని కోయదు, గాలిలో వెళ్లే గ్రిట్ కోస్తుంది, ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం సందేహాలు తీరతాయి. గాజు చెక్కే పాతకాలం పద్ధతిలో కూడా ఇదే కిటుకు. ప్రాగ్ నగరంలో కాస్పర్ లేమాన్ అని రత్నాలు చెక్కే ఆయన, ఆ విద్యనే గాజు మీదికి తెచ్చాడు, 1609లో రుడాల్ఫ్ చక్రవర్తి ఆయనకి ఆ పని మీద ప్రత్యేక హక్కు రాసిచ్చాడు. వాళ్లు వాడేది రాగి చక్రం. రాగి మెత్తటిది, గాజుని గీయలేదు, కానీ దాని అంచుకి నూనెలో కలిపిన కురువింద పొడి, అంటే గట్టి రాతి పొడి, పెడితే ఆ పొడి కోస్తుంది. పైగా చక్రం పైన, గాజు కింద, చక్రానికి గాజు తగిలే చోటు చెక్కేవాడికి కనపడదు, చేతికి తెలిసే ఒత్తిడి, చెవికి వినిపించే చప్పుడే ఆధారం. మన గన్ పద్ధతి చాలా తర్వాతది, 1870లో అమెరికాలో టిల్గ్‌మన్ పేటెంట్ తీసుకున్నాడు. మనకి కూడా చప్పుడే గురువు. నాజిల్ అరిగితే చప్పుడు బొంగురుపోతుంది, గ్రిట్ అయిపోతుంటే ఈలలాగా వస్తుంది, నెల రోజుల్లో నీకే పట్టుబడుతుంది.

లోతు పనికి 120 నుంచి 150 మెష్ గ్రిట్, నీడలాంటి మెత్తటి తెలుపుకి 220. మెష్ అంటే జల్లెడ నంబరు, అది పెరిగేకొద్దీ పొడి సన్నం. గ్రిట్‌ని గాలి ఒత్తిడితో తోసే ప్రెషర్ పాట్ ఉన్న మెషీన్ కొనుక్కో, గ్రిట్‌ని పీల్చుకునే రకం గన్ ఫ్రాస్టింగ్‌కి, అంటే పైపైన తెల్లగా మసకబార్చడానికి, పనికొస్తుంది కానీ లోతుకి రోజులు పడుతుంది. కంప్రెసర్ విషయంలో హెచ్‌పీ అడక్కు, నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో అడుగు, నీ నాజిల్ తాగేదానికంటే ఎక్కువ ఇవ్వాలి. మన విజయవాడ వానాకాలం సంగతి నీకు చెప్పక్కర్లేదు, గాలిలో తేమ పైపుల్లో నీరై గ్రిట్ ముద్దకట్టి గన్ ఆగి ఆగి కొడుతుంది, అలా ఆగి కొట్టిన చోట మచ్చ పడితే తుడిచేసే మార్గం లేదు. ఆ తేమని పట్టే మాయిశ్చర్ ట్రాప్ ఒకటి కాదు రెండు పెట్టించు, సాయంత్రం ఇంటికెళ్లేముందు ట్యాంకులో నీళ్లు వదిలి వెళ్లు.

గాజు తీసుకునేటప్పుడు మూలన టఫెన్డ్ ముద్ర ఉందేమో చూడు. టఫెన్డ్ గాజుని 600 డిగ్రీలు దాటి వేడి చేసి ఒక్కసారిగా గాలితో చల్లారుస్తారు, దాంతో పైపొర లోపలికి బిగుసుకుని ఉంటుంది, లోపలి పొర లాగుతూ ఉంటుంది. పైపైన ఫ్రాస్టింగ్ తట్టుకుంటుందేమో కానీ, లోతుకి వెళితే మొత్తం తలుపు ఒక్క క్షణంలో రవ్వలైపోతుంది. ముద్ర కనపడకపోతే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాస్ పెట్టుకుని పగటి వెలుగులో ఏటవాలుగా చూడు, మచ్చలు మచ్చలుగా కనిపిస్తే అది టఫెన్డే. లోతుగా చెక్కినదాన్ని తర్వాత టఫెన్ చెయ్యమంటే ప్లాంటు వాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. అందుకే నేను లోతు పనంతా మామూలు 12 ఎంఎం గాజు మీద చేసి టేకు చట్రంలో బిగిస్తాను, 4 ఎంఎం మించి దిగను, చట్రం లేకుండా చిన్నపిల్లలు తిరిగే చోట పెట్టమంటే ఆ ఆర్డర్ వదులుకుంటాను.

ఎంత జాగ్రత్తగా ఉన్నా గాజు పగులుతుంది. పగిలిన రోజు ఇంకే గాజూ ముట్టుకోకు, తుడిచిపెట్టి ఇంటికి వెళ్లిపో. ఇంగ్లండులో జాన్ నార్త్‌వుడ్ అనే పనివాడు, రోమన్ల కాలంనాటి పోర్ట్‌లాండ్ కలశాన్ని చూసి అలాంటిదే చెక్కడానికి మూడేళ్లు కూర్చున్నాడు. నీలం గాజు మీద తెల్ల గాజు పొర, ఆ తెల్ల పొరని చేతి ఉలులతో కొంచెం కొంచెంగా గీసి బొమ్మలు తీశాడు. తీరా చివరికొచ్చేసరికి పగులు పట్టింది. అయినా వదలకుండా 1876లో పూర్తి చేశాడు. నా చేతిలో గాజు పోయినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి, దీనికి ఒప్పుకోకపోతే నేను నేర్పను. ఇసుక వాడొద్దు. ఏటి ఇసుక జల్లెడ పట్టి గన్‌లో పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చవక కాబట్టి. నాతో పాటు పని నేర్చుకున్న స్నేహితుడు పన్నెండేళ్లు అలాగే చేశాడు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని. మొదట పొడిదగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం. టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగాడు, తగ్గలేదు. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఏం పని చేస్తావు బాబూ" అని అడిగాకే సిలికోసిస్ అని బయటపడింది. ఇసుక పొడిలో కంటికి కనపడనంత సన్నటి రేణువు ఊపిరితిత్తుల్లో దిగి మచ్చలు కడుతుంది, ఆ మచ్చలు పోయే మందు లేదు, పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉండొచ్చు. నలభై ఆరేళ్లకే పోయాడమ్మా. చివరి రోజుల్లో పడుకోలేక గోడకానుకుని కూర్చునే రాత్రంతా గడిపేవాడు, నేను పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. బ్రిటన్‌లో పోత సామాన్లు, ఇంకా ఇతర వస్తువుల బ్లాస్టింగ్‌కి, అంటే ఇలా గన్‌తో కొట్టే పనికి, ఇసుక వాడకూడదని 1949లోనే నిబంధన పెట్టారు. మనం ఏం తెలియక ఊపిరి పోగొట్టుకున్నాం.

కాబట్టి గ్రిట్‌గా సిలికాన్ కార్బైడ్ గానీ అల్యూమినియం ఆక్సైడ్ గానీ వాడు, ఖరీదైనా వాటిని జల్లించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అవి వాడినా గాజు దుమ్ము ఉంటుంది, దుమ్ము లాగే ఫ్యాను ఉన్న క్యాబినెట్ పెట్టు. పెద్ద తలుపులకి గదిలో నిలబడి చెక్కాల్సి వస్తే బయటి నుంచి శుభ్రమైన గాలి వచ్చే హుడ్ వేసుకో, ఆ గాలి గన్‌కి వెళ్లే కంప్రెసర్ నుంచి నేరుగా తీసుకోకు, అందులో నూనె ఆవిరి ఉంటుంది. గుడ్డ మాస్కు మాస్కే కాదు. షెడ్డు ఊడ్చేటప్పుడు చీపురు కాదు, నీళ్లు చల్లి తుడువు. పని బట్టలతో ఇంటికి రాకు.

యాసిడ్ ఎచింగ్, అంటే యాసిడ్‌తో గాజుని తినిపించి డిజైన్ తీసే పని, దాని జోలికి అసలు వెళ్లొద్దు. ఆ హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పలచగా ఉంటే చర్మం మీద పడిన వెంటనే మంట కూడా తెలియదు, గంటల తర్వాత నొప్పి మొదలయ్యేసరికి లోపల ఎముక దాకా పాకి ఉంటుంది. సులువని ఎవరు చెప్పినా వినకు.

ధర గురించి కూడా అడిగావు. ఫ్రాస్టింగ్‌కి చదరపు అడుగు లెక్క సరే. లోతు పనికి మాత్రం చదరపు అడుగు లెక్క ఒప్పుకోకు. ఎన్ని ముక్కలు లేపాలి, ఎన్ని మెట్లు దిగాలి, ఎన్ని రోజులు కూర్చోవాలి, ఆ లెక్కన చెప్పు. వచ్చినవాళ్లకి మాటలతో చెప్పకుండా చిన్న పలక చెక్కి కింద లైటు పెట్టి షాపులో ఉంచు, చూసినవాళ్లు బేరం తక్కువ ఆడతారు.

హైదరాబాద్‌లో ఉండగానే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు వస్తువులున్న గదులకి ఒక పూటంతా వెళ్లు, శుక్రవారం సెలవు, అది చూసుకో. ఫొటోలు తీసుకోవడం తర్వాత, ముందు ఒకే ఒక్క వస్తువు ఎంచుకుని, అటు నుంచీ ఇటు నుంచీ చూసి, ఏది ముందు చెక్కి ఉంటారు, ఏది తర్వాత అని నంబర్లు వేసుకుంటూ కాగితం మీద గియ్యి. ఆ కాగితం నాకు తెచ్చి చూపించు.

షెడ్డులో 12 ఎంఎం కటింగ్ ముక్కలు ఓ ఇరవై దాకా తీసి పక్కన పెట్టాను, అంచులు రాపిడి కూడా చేయించాను, చేతులు కోసుకోవు. హుడ్ నీ కొలతకి కొత్తది ఆర్డర్ పెట్టాను, బుధవారానికి వస్తుంది. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యి, ఎండెక్కితే రేకుల షెడ్డులో నిలబడలేం. మీ అమ్మతో నేను మళ్లీ మాట్లాడతాను.

మీ మామయ్య