మోటారు మార్చే ముందు బరువు చూడు

చిరంజీవి మేనల్లుడికి,

కోరాపుట్ నుంచి మావయ్య ఆశీస్సులు. రిమోట్‌తో ఎగరేసే నీ బుల్లి విమానం సరిగ్గా లేవడం లేదనీ, పెద్ద మోటారు కొంటానంటున్నావనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డబ్బు పెట్టేముందు ఇది చదువు.

మొదట బ్యాటరీతో సహా మొత్తం విమానాన్ని కాటా మీద పెట్టు. ప్లానులో రాసిన బరువు కాదు, నువ్వు చేసినదాని బరువు కావాలి. నేర్చుకునే విమానానికి కిలోకు 150 నుంచి 200 వాట్లు చాలు. పల్టీలు కొట్టించాలంటే 300 దాకా పడుతుంది. నీది 1200 గ్రాములుంటే 240 వాట్లు. అంటే మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) మీద, 11.1 వోల్టుల దగ్గర, 22 ఆంపియర్లు. మోటారు డబ్బా మీద రాసిన వాట్లు నమ్మకు. విమానాన్ని గట్టిగా కట్టేసి, చెయ్యి ప్రొపెల్లర్ వరుసలో లేకుండా చూసుకుని, వాట్‌మీటర్‌తో కొలువు. చాలాసార్లు లోపం ప్రొపెల్లర్ సైజులోనే ఉంటుంది.

పెద్ద మోటారు వస్తే దాని వెనకే పెద్ద ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), పెద్ద బ్యాటరీ కూడా వస్తాయి. మొదట్లో నేనూ అదే చేశాను. ముక్కు బరువెక్కిందని తోకలో సీసం పెట్టాను. 1200 గ్రాములది 1500 అయింది. లేవడం జోరుగానే లేచింది. దిగేటప్పుడు తెలిసింది. రెక్క అదే ఉండి బరువు పావు వంతు పెరిగితే స్టాల్ వేగం, అంటే రెక్క పట్టు తప్పకుండా ఎగరగలిగే కనీస వేగం, 12 శాతం పెరుగుతుంది. నేను పాత అలవాటు కొద్దీ వేగం తగ్గించి మలుపు తిప్పాను. ఒక రెక్క వాలిపోయి పొలం గట్టు మీద పడింది. రెండు నెలల బాల్సా చెక్క పని. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అందుకే బరువు తగ్గించు, అదీ తోక నుంచి మొదలుపెట్టు. అక్కడ ఒక గ్రాము జిగురు ఎక్కువైతే ముక్కులో రెండు మూడు గ్రాములు వెయ్యాల్సి వస్తుంది. సెంటర్ ఆఫ్ గ్రావిటీ, అంటే విమానం సమంగా తూగే చోటు, రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉండాలి. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి సరిచెయ్యి, సీసం జోలికి పోకు.

సంక్రాంతికి వస్తున్నావు కదా, ఇంకో మాట. మీ గుణుపురంలో సరిపోయింది ఇక్కడ సరిపోకపోవచ్చు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. మీ దగ్గరకంటే గాలి ఏడెనిమిది శాతం పలచన. రెక్కకీ ప్రొపెల్లర్‌కీ పట్టు తగ్గుతుంది, ఆంపియర్లూ తగ్గుతాయి కాబట్టి కాస్త పెద్ద ప్రొపెల్లర్ పెట్టుకోవచ్చు. సునాబెడలో మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, ఆ దరిదాపులకి మాత్రం పోవద్దు. ఇటు కోతలైన పొలాలు చూసి ఉంచుతాను. 9 అంగుళాలదీ 10 అంగుళాలదీ, రెండు ప్రొపెల్లర్లూ తీసుకురా. వాట్‌మీటర్ మర్చిపోకు.

మావయ్య