నాలుగేళ్ల పిల్లాడికి సముద్రపు దొంగల బొమ్మల పుస్తకం చదివి వినిపించవచ్చా?

చుట్టాలు అమెరికా నుంచి తెచ్చిన ‘హౌ ఐ బికేమ్ ఎ పైరేట్’ని అటక ఎక్కించేశామని రాశారు. పుర్రె జెండా చూసి బాబు జడుసుకుంటాడని మీ భయం, దొంగల కథలు వింటే దొంగబుద్ధులొస్తాయని మీ అత్తగారి భయం. దించేయండి. మా అమ్మాయికి దాదాపు అదే వయసులో మొదలుపెట్టాను. ఇప్పుడు తనే తమ్ముడికి చదివి వినిపిస్తోంది.

2003లో వచ్చిన ఆ పుస్తకాన్ని మెలిండా లాంగ్ రాస్తే డేవిడ్ షానన్ బొమ్మలు వేశారు. దొంగల మొహాలు భయంకరంగానే ఉంటాయి, కానీ నవ్వొచ్చే భయంకరం. కెప్టెన్ గడ్డం జడలల్లి ఉంటుంది. మా ఇంట్లో ఆయన పేరు జడగడ్డం మామ. కథలో ఎవరూ ఎవర్నీ పొడవరు. జెరెమీ జేకబ్ అనే పిల్లాడు బీచ్‌లో ఇసుక తవ్వుతుంటాడు. వీడెవడో బాగా తవ్వుతున్నాడే అని, నిధి పాతిపెట్టడానికి ఓడ ఎక్కించుకుంటారు. అంతే.

ఓడ మీద కూరగాయలు తినమనేవాళ్ళుండరు, పళ్ళు తోముకోమనేవాళ్ళుండరు. ఈ పేజీలొస్తే మా అమ్మాయి పుస్తకం వదిలేసి నా మొహం చూసేది, ఏమైనా అంటానేమోనని. నోరు మెదపకుండా పేజీ తిప్పేదాన్ని. మీరూ అదే చేయండి, మిగతాది కథే చూసుకుంటుంది. పడుకునే వేళకి ఆ ఓడలో దుప్పటి కప్పేవాళ్ళూ లేరు, కథ చెప్పేవాళ్ళూ లేరు. తుఫాను వచ్చి పిల్లాడు హడలిపోతే దగ్గరికి తీసుకునే తీరిక ఒక్కరికీ ఉండదు. వాడికి ఇల్లు గుర్తొస్తుంది. నీతి అంటూ విడిగా చెప్పరు కాబట్టే ఈ పుస్తకం నాకిష్టం.

మీ అత్తగారి మాటా కొట్టిపారేయలేం. నిధి ఎక్కడిదో పుస్తకం చెప్పదు. మా అమ్మాయి ఒకరోజు అడిగేసింది. "ఎవరి దగ్గరో లాక్కుని ఉంటారు" అన్నాను. "మరి వాళ్ళకి ఇచ్చేయరా?" అంది. అక్కడి నుంచి మా మాటలు చాలాసేపు సాగాయి. అలాంటి ప్రశ్న వస్తే దాటేయకండి, అత్తగారిని కూడా కూర్చోబెట్టుకోండి.

చదవడం గురించి ఒక మాట. కెప్టెన్ అన్నమాటనే మిగతా దొంగలంతా కలిసి అరుస్తుంటారు. కెప్టెన్ మాటలు మీరు తెలుగులో అనండి, అరుపులు బాబుకి వదిలేయండి. మా ఇంట్లో తాతగారు కూడా గొంతు కలిపేవారు. అందుకే నిద్రపుచ్చేటప్పుడు ఇది అస్సలు పనికిరాదు, ఉన్న నిద్ర కూడా పోతుంది. సాయంత్రం చదవండి. మాటలు ఎక్కువగానే ఉంటాయి కాబట్టి మరీ చిన్నపిల్లలైతే బొమ్మలు చూపించి మీ మాటల్లో చెప్పేయడమే నయం.

కాస్త పెద్దయ్యాక "నిజం దొంగలు కూడా ఇంతేనా?" అని అడుగుతారు. నేను బార్తొలొమ్యూ రాబర్ట్స్ సంగతి చెబుతాను. 1722లో చనిపోయిన ఈ కెప్టెన్ ఓడలో కట్టుబాట్లు రాసుకుని మరీ పాటించేవారు. రాత్రి 8 కొట్టేసరికి దీపాలు ఆర్పేయాలి. ఆ తర్వాత కూడా తాగాలనుకునేవాళ్ళు పైకి డెక్ మీదికి పోవాల్సిందే. డబ్బులు పెట్టి పేకాట ఆడకూడదు. వాయిద్యాలు వాయించేవాళ్ళకి ఆదివారం సెలవు. ఆ 8 గంటల రూలు మా ఇంట్లో భలే పనికొచ్చింది. తాగుడు సంగతి మాత్రం పిల్లలకి చెప్పలేదు లెండి. మనుషుల్ని ఓడ అంచున చెక్కపలక మీద నడిపించి సముద్రంలోకి తోసేయడం చాలావరకు కథల్లో పుట్టిందే, కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి.

బాబుకి ఇది నచ్చితే ‘పైరేట్స్ డోంట్ చేంజ్ డైపర్స్’ కూడా చూడండి. ఇదే జంట 2007లో తెచ్చిన రెండో పుస్తకం. ఇందులో దొంగలు జెరెమీ చెల్లెల్ని ఆడించలేక తిప్పలు పడతారు. ఆ పాప పేరు బానీ ఆన్. 1720లో జమైకాలో విచారణకొచ్చిన ఆన్ బానీ అనే నిజం ఓడదొంగ పేరునే తిరగేసి పెట్టారు. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే మాత్రం ముందు ఇదే కొనండి.