లోపలి మాట వినపడాలంటే

ప్రశ్న: కొన్నాళ్ళుగా రోజూ ఉదయం పావుగంట కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. మనసు నెమ్మదించడం అటుంచి, ఎప్పుడూ లేనన్ని ఆలోచనలు అప్పుడే వస్తున్నాయి. ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, నాకు అనిపించేది అంతర్వాణో ఉత్త భయమో తేలడం లేదు. ఇంకో సంగతి. ఆ మధ్య ఒక సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తుంటే, ఉన్నట్టుండి నేనూ ఆ వానా వేరు కాదన్నట్టు అనిపించింది. నిమిషం కూడా ఉండదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ చెప్పలేదు. అది భ్రమేనా? మళ్ళీ రావాలంటే ఏం చేయాలి?
ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ వాన గురించే మాట్లాడతాను, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అదే. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లోనే ఇలాంటి అనుభవాలకు నాలుగు గుర్తులు చెప్పాడు. మాటల్లో పెట్టలేం, ఏదో తెలిసివచ్చినట్టు ఉంటుంది, ఎక్కువసేపు నిలవదు, మనం తెచ్చుకున్నట్టు కాక దానంతట అదే వచ్చినట్టు ఉంటుంది. మీరు రాసిన దాంట్లో ఇవి కనిపిస్తున్నాయి. భ్రమ అని కొట్టిపారేయకండి, అలాగని మీకేదో శక్తి వచ్చిందనీ అనుకోకండి. మళ్ళీ రావాలని కిటికీ దగ్గర కాపు కాయడం మాత్రం వద్దు, అప్పుడు మీరు వానను చూడరు, మీలో ఏం జరుగుతోందో చూసుకుంటూ ఉంటారు.

ఇక ఆలోచనలు. అవి కొత్తగా పుట్టినవి కావు, రోజంతా ఉన్నవే, ఫ్యాన్ ఆపాక గడియారం చప్పుడు వినపడినట్టు ఇప్పుడు వినిపిస్తున్నాయి, అంతే. చేతిలో పని లేనప్పుడు మెదడు ఊరుకోదు, నిన్నటి మాటల్నీ రేపటి బెంగల్నీ నెమరేస్తుంది. వాటిని తరమకండి. ఊపిరి తీసుకున్న దానికన్నా కాస్త ఎక్కువసేపు వదలండి, వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. ఎక్కడికో వెళ్ళిపోయానని గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. పావుగంటలో ముప్పైసార్లు రావాల్సొస్తే ముప్పైసార్లు రండి, ఆ రావడమే సాధన.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. నా అనుభవంలో భయం తొందరపెడుతుంది, ఒకే మాటను పదిసార్లు చెబుతుంది, సాక్ష్యాలు పోగేస్తుంది. లోపలి మాట ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది, మీరు వినకపోయినా వాదించదు. అయితే అదెక్కడినుంచో ఊడిపడదు. 1997లో నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో బృందం ప్రచురించిన ఒక పేకాట ప్రయోగంలో, నష్టం తెచ్చే కట్ట ఏదో ఆడేవాళ్ళకు ఇంకా తెలియకముందే, దాన్ని తీయబోయేటప్పుడు వాళ్ళ అరచేతులకు చెమట పట్టడం మొదలైంది. కానీ అప్పటికే వాళ్ళు కొన్ని ముక్కలు తీసి దెబ్బలు తిన్నారు, శరీరం నేర్చుకుంది, బుద్ధి వెనకబడింది. గణితవేత్త హెన్రీ పాంకరే బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా తనకో పెద్ద ఆలోచన తట్టిందని చెప్పాడు. దాని వెనక ఎంతో శ్రమ ఉంది, పైగా ఇంటికి వెళ్ళాక కూర్చుని సరిచూసుకున్నాడు కూడా. కాబట్టి మీరు ఏళ్ళుగా మెలిగిన విషయంలో అనిపించేదానికి బరువివ్వండి, ముక్కూమొహం తెలియని విషయంలో ఆగండి. ఏదో చెడు జరగబోతోందన్న టెన్షన్ వారాల తరబడి నిద్ర పట్టనివ్వకపోతే దాన్ని అంతర్వాణిగా లెక్కెయ్యకండి, డాక్టర్‌ని కలవండి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఏదైనా గట్టిగా అనిపించిన రోజు, ఫలితం తెలియకముందే, తేదీ వేసి ఒక్క వాక్యం రాయండి, కొన్ని నెలలయ్యాక తిరగేయండి. నేను ఇలా రాసుకున్నాక తెలిసిందేమిటంటే, మనుషుల గురించి నాకు అనిపించినవి చాలావరకు నిలిచాయి, డబ్బు గురించినవి నిలవలేదు. అందుకే డబ్బు విషయం వస్తే ఇప్పటికీ కాగితం తీసి లెక్క వేసుకుంటాను. మీ పుస్తకంలో ఏది నిలిచిందో ఆరు నెలలయ్యాక నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.