టెక్ సందేహాలు: అదే నంబరుతో మళ్లీ విడుదల చేయవచ్చా?

ప్రశ్న: ముగ్గురు మిత్రులం కలిసి ఒక చిన్న పైథాన్ లైబ్రరీని ఓపెన్ సోర్స్‌గా నడుపుతున్నాం. తీరిక దొరికినప్పుడల్లా కొత్త వెర్షన్ పెడతాం. ఈమధ్య 1.4.2లో, ఎవరూ వాడడం లేదనుకుని ఒక ఫంక్షన్‌ను తీసేశాం. చాలామంది ప్రోగ్రాములు ఆగిపోయాయి. ఆ వెర్షన్‌ను పైపీఐ (పైథాన్ లైబ్రరీలను అందరికీ అందించే సైటు) నుంచి తొలగించి, సరిదిద్ది అదే నంబరుతో ఎక్కించబోతే కుదరలేదు. విడుదలలకు ఒక పద్ధతి ఎలా ఏర్పరచుకోవాలి?

జవాబు: కుదరకపోవడమే మంచిదైంది. పైపీఐలో ఒకసారి వాడిన ఫైలు పేరును, తొలగించాక కూడా మళ్లీ వాడనివ్వరు. 1.4.2 అంటే ఒకరి దగ్గర ఒక కోడ్, మరొకరి దగ్గర ఇంకొకటి అయితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇకపై పొరపాటు జరిగితే తొలగించకండి, ‘యాంక్’ చేయండి, అంటే ఫైలును అక్కడే ఉంచి వాడొద్దని గుర్తు పెట్టండి. సరిగ్గా ఆ నంబరే కోరినవాళ్లకు తప్ప, లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్ దాన్ని ఇవ్వదు. ప్రస్తుతానికి ఆ ఫంక్షన్‌ను తిరిగి చేర్చి 1.4.3 పెట్టండి.

సెమాంటిక్ వెర్షనింగ్ అనే నంబర్ల పద్ధతిలో మూడో అంకె మారితే దోషాల సవరణ, రెండోది మారితే పాతదాన్ని చెడగొట్టని కొత్త సదుపాయం, మొదటిది మారితే పాత కోడ్ పనిచేయకపోవచ్చు. మీరు 2.0.0లో చేయాల్సిన పని 1.4.2లో చేశారు. ముందు 1.5.0లో ‘ఈ ఫంక్షన్ 2.0.0లో ఉండదు, బదులుగా ఫలానాది వాడండి’ అన్న హెచ్చరిక పెట్టండి. ఎవరూ వాడడం లేదన్న మీ నమ్మకం ఏపాటిదో వచ్చే ఫిర్యాదులే చెబుతాయి.

తీరికను నమ్ముకోకుండా తేదీ పెట్టుకోండి. పైథాన్ కూడా 3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది. మీకు మూడు నెలలకొకటి చాలు. సిద్ధమైన మార్పు ఎక్కుతుంది, కానిది తర్వాతి బండికి ఆగుతుంది. భద్రతా లోపాలకు మాత్రం తేదీతో పని లేదు. వారం ముందు 1.5.0ఆర్‌సీ1 (అసలు విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్) వదలండి. మామూలుగా పిప్ దాన్ని తనంతట తాను తెచ్చుకోదు కాబట్టి, బాగా వాడేవాళ్లను పరీక్షించమని అడగాలి. పదిమందిని అడిగితే ఇద్దరు చూస్తారు. ఆ ఇద్దరే చాలు.

నేను పట్టుబట్టేది ఒక్కటే. విడుదల ఫైళ్లను ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ తయారు చేయకండి. గిట్‌లో విడుదల గుర్తుగా ట్యాగ్ వేయగానే పరీక్షలు, బిల్డ్, ఎక్కింపు అన్నీ సర్వర్‌లోనే జరిగిపోవాలి. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాధనం) ఉదంతంలో, 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగదారిని తెరిచే స్క్రిప్టు రిపాజిటరీలో లేదు, విడుదల ఫైళ్లలోనే ఉంది. పైపీఐలోని ‘ట్రస్టెడ్ పబ్లిషింగ్’ వాడితే ఎక్కింపుకు పాస్‌వర్డులా పనిచేసే శాశ్వత టోకెన్‌ను ఎక్కడా దాచాల్సిన పని కూడా ఉండదు.

ఏ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే చేంజ్‌లాగ్‌ను చివరిరోజు కాకుండా మార్పు చేసినప్పుడే రాయండి. ‘కొన్ని సవరణలు’ అని రాస్తే రాయనట్టే.

ఇంకో మాట, పైపీఐలో ఓనర్ హక్కులు మీలో ఎందరికి ఉన్నాయో ఈరోజే చూడండి. ఒక్కరికే ఉంటే, లాగిన్‌కు కావాల్సిన వారి ఫోను పోయిన రోజున మిగతా ఇద్దరి చేతుల్లో ఏమీ ఉండదు.