ముందు ఏ ఆకో చూడు

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. పసుపెక్కిన టమాటా ఆకును కోసి అరచేతిలో పెట్టి తీశావు. ఆ ఆకు చెట్టుకు కింద ఉండిందా, కొసన ఉండిందా? నాకు కావాల్సింది అదే. రేపు పొద్దున్నే తోటలోకి వెళ్లి ఒక సాలులో పది చెట్ల దగ్గర వంగి చూడు. మందుల కొట్టుకు ఆ తర్వాత వెళ్దువు.

కింది ముసలి ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైనట్టు. తడితోపాటు కొద్దిగా యూరియా ఇస్తే తేరుకుంటుంది. అవే ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం, లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చాలు. ఈ రెండూ చాలనప్పుడు చెట్టు ముసలి ఆకుల్లోంచి లాగి లేతాకులకు పెట్టుకుంటుంది, అందుకే జబ్బు కిందే ముందు కనబడుతుంది. ఇనుము అలా కదలదు. పచ్చటి ఈనెల మధ్య పసుపు కొసన లేతాకుల్లో కనిపిస్తే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో మామూలే. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట కొట్టు, వారం ఆగి మళ్లీ ఒకసారి.

ఇవన్నీ కొనేముందు వేళ్ల దగ్గర మట్టి తీసి పిడికిట్లో పిసుకు. నీళ్లు కారుతుంటే డ్రిప్పు ఎక్కువ వదిలావన్నమాట. ఊపిరాడని వేళ్లు ఏం పెట్టినా తీసుకోలేవు. రెండు రోజులు నీళ్లు ఆపు.

కింది ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు, ఒక్కో మచ్చలో ఒకదాని లోపల ఒకటి వలయాలు ఉంటే ఆకుమాడు తెగులు. ఆ ఆకులు గిల్లి తీసేసి, లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టు. ప్యాకెట్ మీద రాసిన గడువు దాటాకే కాయలు కొయ్యి. ఎవరింట్లోనో పిల్లలు తినేవి అవి.

నాకు భయమంతా ఆకుముడతతోనే. కొస ఆకులు చిన్నవై, పైకి ముడుచుకుని, అంచులు పసుపెక్కి చెట్టు గిడసబారితే వైరస్ వచ్చినట్టే. తెల్లదోమ మోసుకొస్తుంది. కొమ్మ కదిపితే పిండి చల్లినట్టు లేస్తుంది చూడు. సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు తల్లీ. ఒక ఏడాది నేను ఆ మాట ఒప్పుకోలేక మూడు రకాల మందులు కొట్టి పదిహేను రోజులు ఎదురుచూశాను. నాలుగు సాళ్లలో ఉన్న ముడత ఆలోపు మడంతా పాకింది. కాయ పట్టబోయే చెట్టును పీకాలంటే చేయి రాదు, నాకు తెలుసు. అయినా సంచి తొడిగి, దోమ లేవకుండా పీకి, దూరంగా గుంత తీసి పూడ్చెయ్యి. మిగిలిన చెట్ల మధ్య పసుపు జిగురు అట్టలు కట్టు, లీటరుకు 5 మి.లీ. వేపనూనె కొట్టు. వచ్చే పంటకు నారుమడి మీద దోమ దూరని సన్న కన్నుల (40 మెష్) నైలాన్ వల కప్పుదాం. నేనే వచ్చి కడతాను.

ఈసారి చెట్టు మొత్తం ఒక ఫొటో, ఆకు అడుగు భాగం ఒక ఫొటో తియ్యి. పొద్దున ఏడు గంటల లోపు పంపితే, మదనపల్లె మార్కెట్‌కు బయలుదేరే ముందే చూసి ఫోన్ చేస్తాను.

మీ పెద్దనాయన