వాన పడితే బాబు వణికిపోతున్నాడు

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు, పడవ వచ్చేదాకా మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. అప్పుడు బాబుకి నాలుగేళ్లు. ఇప్పటికీ మబ్బు పడితే చాలు, నా కొంగు వదలడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. రోజూ బకెట్లో నీళ్లు పట్టి బొమ్మ కారుని ముంచుతాడు, తీస్తాడు, మళ్లీ ముంచుతాడు. అత్తయ్యగారు తాయెత్తు కట్టించారు. మావారేమో మగపిల్లాడివి, ఏంటీ పిరికితనం అని కోప్పడతారు. ఆ ఊసు ఎత్తకుండా ఉంటే వాడే మర్చిపోతాడా?
- ఒక తల్లి

జవాబు: ఊసెత్తనంత మాత్రాన మర్చిపోడమ్మా. పెద్దవాళ్లెవరూ మాట్లాడకపోతే ఇది అడగకూడని సంగతి అనుకుని భయమంతా లోపలే దాచుకుంటాడు. నిజానికి వాడు రోజూ చెబుతూనే ఉన్నాడు, నోటితో చెప్పడం రాక ఆ బకెట్లో చేతులతో చెబుతున్నాడు. దాన్ని లాక్కోకండి, ఫోనిచ్చి మరిపించకండి. పక్కన కూర్చోండి. వాడి ఆటలో కారు మునగడం ఉంది కానీ మిమ్మల్ని ఎక్కించుకెళ్లిన పడవ లేదు, చూశారా? ఓ డబ్బా మూత నీళ్లలో వదిలి "పడవొచ్చింది, ఎవరిని ఎక్కిద్దాం?" అని అడగండి. వద్దంటే ఆపేయండి, ఇంకో రోజు చూడొచ్చు.

వరద ఇంకెప్పుడూ రాదని మాత్రం ఒట్టు పెట్టకండి, రేపు వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. "నీళ్లొస్తాయని తెలిస్తే ముందే వెళ్లిపోతాం, నేను నీతోనే ఉంటా" అనండి. టార్చిలైటు, బిస్కెట్లు, వాడి బొమ్మ ఒక సంచిలో వాడి చేతే సర్దించండి.

ఈ జవాబు మీవారికి కూడా చూపించండి. ఉరుము వినగానే గుండె దడదడలాడటం, ఒళ్లు బిగుసుకుపోవడం వాడి చేతిలో లేదు, అది పిరికితనం కానే కాదు. పక్క తడపడమూ అంతే, టెన్షన్ ఎక్కువైతే ఈ వయసు పిల్లలు వచ్చిన అలవాటు కూడా పోగొట్టుకుంటారు. ఏమీ అనకుండా దుప్పటి మార్చేయండి, వాడు వింటుండగా ఎవరితోనూ అనకండి. అయితే ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి, ఇన్ఫెక్షన్ ఉన్నా అలా అవుతుంది.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, అది నాయనమ్మ ప్రేమ. రోజూ అదే వేళకు అన్నం, ఆ తర్వాత ఆవిడ పక్కన పడుకుని కథ, ఇది తప్పకుండా జరిగేలా చూడండి.

ఇంత కాలమైనా తగ్గలేదంటే ఇంట్లో చేసేది ఒక్కటే సరిపోదు, పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ కోసం కూడా చేయండి. ఆ మూడు రోజులూ వాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మీరే కదా, వాన రాత్రుళ్లు మీకు నిద్ర పడుతోందా? ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.